మనిషి లేనిదే మహామృగం లేదు

భారీ మృగాల సినిమాల గురించి అభిమానుల్లోనూ, సమీక్షకుల్లోనూ, వాటికి డబ్బు పెట్టే నిర్మాతల్లోనూ ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. ప్రేక్షకుడు టికెట్టు కొనేది గాడ్జిల్లానో కింగ్ కాంగ్‌నో చూడటానికే కాబట్టి అందులో మనుషుల కథ ఎంత తగ్గితే అంత మేలనీ, వాళ్ల కష్టసుఖాలు ఒక పోరాటానికీ మరో పోరాటానికీ మధ్య ఓపికగా భరించవలసిన విరామం మాత్రమేననీ, యాభై మీటర్ల ప్రాణి సముద్రంలోంచి లేచి వచ్చే కథలో వాస్తవికతను వెతకడం తెలివితక్కువ పని అనీ ఆ అభిప్రాయం చెబుతుంది. ఇలాంటి సినిమా విడుదలైనప్పుడల్లా మనుషులు ఎక్కువైపోయారన్న ఫిర్యాదు తప్పక వినిపిస్తుంది. ఆ ఫిర్యాదుకు జడిసి తర్వాతి సినిమా తీసేవాళ్లు మనుషులను మరికొంత కుదించి, మృగాల సంఖ్యను మరికొంత పెంచుతారు. రోగం ఒకటైతే మందు మరొకటిగా సాగుతున్న ఈ వైద్యం మొదట్లోనే తప్పింది. మహామృగం ఆనందాన్నిచ్చేది దాని చుట్టూ ఉన్న లోకం నిజమనిపించినప్పుడు, ఆ లోకంలో ప్రేక్షకుడు తనవాడని అనుకోగల మనిషి ఒక్కడైనా ఉన్నప్పుడు మాత్రమే.

ఎదుటివారి వాదాన్ని, అంటే పూర్వపక్షాన్ని, దాని పూర్తి బలంతో చెప్పిన తర్వాతే ఖండనకు దిగడం భారతీయ తర్కసంప్రదాయం. ఆ పద్ధతిలో చూస్తే పై అభిప్రాయానికి మూడు ఆధారాలు ఉన్నాయి. మొదటిది భౌతికశాస్త్రం ఇచ్చేది. ఒక ఆకారాన్ని అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే బలం కన్నా బరువు వేగంగా పెరుగుతుందని గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథంలో వివరించాడు. ఎత్తు రెట్టింపైతే ఎముక అడ్డుకోత వైశాల్యం 4 రెట్లవుతుంది, శరీరం బరువు మాత్రం 8 రెట్లవుతుంది. మనిషిని అదే ఆకారంలో 30 రెట్లు పెంచి యాభై మీటర్ల ఎత్తుకు తీసుకువెళితే ఎముకల బలం 900 రెట్లు, బరువు 27,000 రెట్లు పెరిగి, ప్రతి ఎముకా తాను మోయవలసిన దానికి 30 రెట్ల భారాన్ని మోయవలసి వస్తుంది. మొదటి అడుగులోనే కాళ్లు విరుగుతాయి. పునాదే అసంభవమైనప్పుడు మిగతా కట్టడం వాస్తవికంగా ఉండాలని పట్టుబట్టడం ఎందుకన్నది ఇక్కడి ప్రశ్న. రెండో ఆధారం అనుభవం నుంచి వచ్చింది. ఈ సినిమాల్లో మనుషుల పాత్రలు చాలాసార్లు చప్పగా, ముద్రలు కొట్టినట్టుగా ఉంటాయి కాబట్టి వాళ్లను తీసేస్తే నష్టమేమీ లేదన్నది దాని సారాంశం. మూడోది వసూళ్ల లెక్క. మనుషుల కథను బాగా పక్కకు నెట్టి మృగాల పోరాటాలకే పెద్దపీట వేసిన 'గాడ్జిల్లా ఎక్స్ కాంగ్' 2024లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 57 కోట్ల డాలర్లు రాబట్టింది; జనం తీర్పు ఇంత స్పష్టంగా ఉన్నాక ఇంక వాదమెందుకని ఆ పక్షం అడుగుతుంది.

మొదటి ఆధారం వాస్తవికత అనే మాటను ఒకే అర్థంలో పట్టుకోవడం వల్ల పుట్టింది. కథ ఏ ఊహ మీద నిలబడుతుందో ఆ ఊహ లోకంలో సాధ్యమేనా అని అడగడం ఒక రకం వాస్తవికత. దీన్ని ఆధార వాస్తవికత అనుకోవచ్చు. ఆ ఊహను ఒప్పుకున్న తర్వాత దానివల్ల జరగవలసినవన్నీ జరుగుతున్నాయా, జరగకూడనివి జరగకుండా ఉన్నాయా అని అడగడం రెండో రకం. ఇది పర్యవసాన వాస్తవికత. నమ్మశక్యం కాని సంభవం కన్నా నమ్మదగిన అసంభవమే కవికి మేలని అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో నిర్ణయించింది ఈ రెండింటి మధ్య తేడాను గుర్తించే. ప్రేక్షకుడు హాల్లో కూర్చునేటప్పుడే ఒక అసంభవాన్ని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాడు, ఆ ఒక్కదాన్ని మాత్రమే ఒప్పుకుంటాడు. మృగం ఉందని నమ్మినవాడు మృగం నడిచిన వీధిలో కరెంటు తీగలు తెగకపోతే నమ్మడు. కూలిన మేడలో ఎవరూ చావకపోతే నమ్మడు. కళ్లముందు ఊరు తగలబడుతుంటే కథానాయకుడు చమత్కారాలాడుతూ నిలబడితే అసలే నమ్మడు. గెలీలియో నియమాన్ని పక్కన పెట్టిన ప్రేక్షకుడు దుఃఖానికీ, భయానికీ, బరువుకూ ఉన్న నియమాలను పక్కన పెట్టలేదు. పైగా, పునాది ఎంత అసంభవమైతే దానిపైన కట్టేది అంత గట్టిగా ఉండాలి. మృగమే నమ్మశక్యం కానప్పుడు దాన్ని నమ్మించే బాధ్యతంతా చుట్టూ ఉన్న లోకం మీద పడుతుంది.

పర్యవసాన వాస్తవికత ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో చెప్పడానికి కూలే గోడ ఒకటి చాలు. యాభై మీటర్ల ఎత్తున్న భవనం పైనుంచి ఊడిన పెచ్చు నేలను తాకడానికి, గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, దాదాపు 3.2 సెకన్లు పడుతుంది. ఆ భవనాన్ని ఇరవై అయిదో వంతు నమూనాగా కట్టి చిత్రీకరిస్తే అదే పెచ్చు రెండు మీటర్ల ఎత్తు నుంచి 0.64 సెకన్లలో పడిపోతుంది. చూసేవాడికి ఈ సూత్రం తెలియకపోయినా, వస్తువులు పడటం పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కన్ను అది బొమ్మ ఇల్లని క్షణంలో పట్టేస్తుంది. అందుకే నమూనాలను చిత్రీకరించేటప్పుడు కెమెరాను వేగంగా తిప్పుతారు. ఈ లెక్క ప్రకారం సెకనుకు 24 ఫ్రేములకు బదులు 120 ఫ్రేములు తీసి మామూలు వేగంతో చూపిస్తే ఆ పెచ్చు మళ్లీ మూడు సెకన్లకు పైగా గాలిలో ఉంటుంది, భవనానికి దాని ఎత్తు తిరిగి వస్తుంది. 1954లో తోహో సంస్థ తీసిన మొదటి గాడ్జిల్లా చిత్రానికి ప్రత్యేక దృశ్యాలు సమకూర్చిన ఎయిజీ త్సుబురాయా, కింగ్ కాంగ్‌లా బొమ్మను అంగుళం అంగుళం కదిలిస్తూ ఫ్రేము తర్వాత ఫ్రేము తీసేంత సమయమూ డబ్బూ లేక, మనిషికి రబ్బరు తొడుగు వేసి నమూనా నగరంలో నడిపించాడు. మొదటి తొడుగు సుమారు వంద కిలోలు ఉండటంతో లోపలి నటుడు హరూవో నకజీమా అడుగు తీసి అడుగు వేయడమే గగనమైంది. దానికి కెమెరా వేగం తోడై ఆ నడకకు కొండంత బరువు వచ్చింది. సంగీత దర్శకుడు అకీరా ఇఫుకుబే డబుల్ బేస్ వాద్యం తీగలను వదులు చేసి, రాళజిగురు పూసిన తోలు చేతితొడుగుతో రాపిడి చేయించి పుట్టించిన అరుపు ఆ బరువుకు గొంతు ఇచ్చింది. రబ్బరు తొడుగని తెలిసినా డెబ్భై ఏళ్లుగా జనం ఆ దృశ్యాలకు చలిస్తున్నారంటే కారణం బరువు, కాలం, దూరం అనే మూడు విషయాల్లో ఆ చిత్రం అబద్ధమాడకపోవడమే. పరిమాణంతో నిమిత్తం లేకుండా మెరుపు వేగంతో గెంతుతూ, పిడిగుద్దులు కురిపించుకుంటూ పోరాడే ఇటీవలి కంప్యూటర్ మృగాలు ఎంత నునుపుగా గీసినా తేలిపోతున్నాయంటే కారణం ఆ మూడు విషయాలనూ గాలికి వదిలేయడమే.

అయితే బరువొక్కటే చాలదు. బరువుగా నడిచే మృగాన్ని ఎవరు చూస్తున్నారు అన్నదాని మీద మిగతాదంతా ఆధారపడుతుంది, పూర్వపక్షం రెండో ఆధారానికి సమాధానం దొరికేదీ ఇక్కడే. భరతుడి నాట్యశాస్త్రం ప్రకారం విభావ, అనుభావ, వ్యభిచారి భావాల కలయికతో రసం నిష్పన్నమవుతుంది. భావానికి కారణమైనది విభావం. ఆ భావం మనిషిలో కలిగాక ఒంట్లో, మాటలో, నడకలో కనిపించే గుర్తులు అనుభావాలు. వచ్చి పోయే చిన్న చిన్న మనఃస్థితులు వ్యభిచారి భావాలు. తర్వాతి ఆలంకారికులు దీన్ని మరింత విడమరచి, భావం దేన్ని చూసి కలుగుతుందో దాన్ని ఆలంబనమనీ, ఎవరిలో కలుగుతుందో ఆ వ్యక్తిని ఆశ్రయమనీ అన్నారు. భయానక రసానికి పులి ఆలంబనమైతే, పులిని చూసి వణికేవాడు ఆశ్రయం. పులిని ఎంత పెద్దదిగా గీసినా, ఎన్ని పులులను గీసినా వణికేవాడు లేనిదే భయానకం పుట్టదు, ఎందుకంటే వణుకు, చెమట, గొంతు పెగలకపోవడం వంటి అనుభావాలు నిలవడానికి ఒక శరీరం కావాలి. గాడ్జిల్లా ఆలంబనం మాత్రమే. భారీ మృగాల సినిమాల్లోంచి మనుషులను తీసేయమనేవారు ఆశ్రయాన్ని తీసేసి రసం మాత్రం మిగలాలని కోరుతున్నారు. అలా తీసిన చోట మిగిలేది కళ్లకు కాసేపు మిరుమిట్లు గొలిపే కదలిక. అది మొదటిసారి ఆకట్టుకుంటుంది, రెండోసారి అలవాటవుతుంది, మూడోసారి విసిగిస్తుంది. కావ్యంలోని అనుభవం ఒక వ్యక్తిదిగా మిగలకుండా చూసేవారందరిదీ కావడాన్ని భట్టనాయకుడు సాధారణీకరణమన్నాడు. తెరమీది మనిషి కూలి కోసం పోతున్నాడో, బిడ్డ కోసం వెతుకుతున్నాడో ప్రేక్షకుడికి తెలిసినప్పుడు అతడి భయం హాలంతటి భయమవుతుంది.

1954 నాటి చిత్రం ఈ సూత్రానికి తిరుగులేని సాక్ష్యం. ఆ ఏడాది మార్చి 1న అమెరికా బికినీ దీవుల్లో జరిపిన హైడ్రోజన్ బాంబు పరీక్ష వల్ల జపాన్‌కు చెందిన ట్యూనా చేపల ఓడ 'దాయిగో ఫుకుర్యూ మారు' మీద రేడియోధార్మిక బూడిద కురిసి 23 మంది నావికులూ జబ్బుపడ్డారు. సెప్టెంబరులో ఆ ఓడ రేడియో ఆపరేటర్ చనిపోయాడు. నవంబరు 3న గాడ్జిల్లా విడుదలైంది. సముద్రంలో ఒక్కసారిగా వెలుగు లేచి ఓడ తగలబడే దృశ్యంతోనే దర్శకుడు ఇషిరో హోండా కథను ఎత్తుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక చైనా నుంచి తిరిగి వస్తూ హిరోషిమా శిథిలాలను కళ్లారా చూసిన హోండాకు బాంబు కల్పన కాదు, ఆ రోజుల్లో హాల్లో కూర్చున్న టోక్యో ప్రేక్షకులకూ కాదు. మృగం తెరమీద ఉండేది సినిమా నిడివిలో దాదాపు పదో వంతే. మిగతా భాగంలో నాగసాకి నుంచి బతికి బయటపడిన యువతి రైల్లో విసుగ్గా మాట్లాడుతుంది. మంటల మధ్య ఒక తల్లి పిల్లలను ఒడిలోకి లాక్కుని, తొందరలోనే నాన్న దగ్గరకు వెళ్లిపోతామని ఓదారుస్తుంది. టవరు మీద నిలబడ్డ విలేకరులు మృగం తమనే సమీపిస్తున్నా ప్రసారం ఆపకుండా చివరకు వీడ్కోలు చెబుతారు. తెల్లవారాక ఆసుపత్రిలో డాక్టరు రేడియోధార్మికతను కొలిచే పరికరాన్ని ఒక పసిపిల్ల దగ్గర పెట్టి చూసి, మాట్లాడకుండా తల అడ్డంగా ఊపుతాడు. ఆ తల ఊపుడులో గాడ్జిల్లా లేదు, గాడ్జిల్లా ఏమిటో మాత్రం పూర్తిగా ఉంది.

కథను మలుపు తిప్పేదీ ఆ ఆసుపత్రే. యుద్ధంలో ఒక కన్ను పోగొట్టుకున్న శాస్త్రవేత్త సెరిజావా నీటిలోని ఆక్సిజన్‌ను నాశనం చేసే పదార్థాన్ని కనిపెట్టి, అది ఆయుధంగా మారుతుందన్న భయంతో రహస్యంగా దాచి ఉంచుతాడు. అతడికి ఇచ్చిన మాటను ఎమికో అనే యువతి తప్పేది ఆ క్షతగాత్రుల మధ్య తిరిగిన తర్వాతే. చివరకు అతడు ఒప్పుకునేది టీవీలో శిథిలాలనూ, శాంతి కోసం పాడుతున్న బాలికలనూ చూసిన తర్వాతే. తన కాగితాలన్నీ తగలబెట్టి, సముద్రం అడుగుకు దిగి, మృగంతోపాటు తానూ చనిపోతాడు. మనుషుల కథ ఇక్కడ పోరాటాల మధ్య విరామం కాదు. మృగం బతకాలా చావాలా అన్నది ఒక మనిషి మనస్సాక్షిలో తేలుతుంది. ఈ చిత్రంలోంచి సెరిజావాను తీసేస్తే మిగిలేది కొన్ని నిమిషాల రబ్బరు తొడుగు.

ఇప్పుడు 2014లో గారెత్ ఎడ్వర్డ్స్ తీసిన హాలీవుడ్ గాడ్జిల్లాను పక్కన పెట్టి చూడాలి, ఎందుకంటే మనుషులు ఎక్కువైపోయారన్న ఫిర్యాదుకు ఎక్కువగా గురైంది అదే. అందులోనూ మృగం తెరమీద ఉండేది నిడివిలో పదో వంతుకు మించదు. రెండు చిత్రాల్లోనూ కొలత ఇంచుమించు ఒకటే అయినప్పుడు ఒకదాన్ని కళాఖండమనీ, మరొకదాన్ని మనుషులతో నింపేశారనీ అంటున్నారంటే లోపం కొలతలో లేదని ఒప్పుకోక తప్పదు. ఆ చిత్రం మొదటి భాగంలో అణు విద్యుత్ కేంద్రంలో పనిచేసే జో బ్రోడీ, రేడియోధార్మికత బయటకు పొక్కకుండా తలుపు మూయవలసి వచ్చి అవతలి పక్కనున్న భార్యను పోగొట్టుకుంటాడు. అక్కడ విసుగుచెందిన ప్రేక్షకుడు లేడు. ఆ పాత్రను తొందరగా చంపేసి, భారమంతా అతడి కొడుకు మీద పెట్టాక పట్టు సడలింది. కొడుకు మంచివాడు, ధైర్యవంతుడు, సైనికుడు, అయినా మృగం ఎక్కడుంటే అక్కడికి కథ అతడిని మోసుకుపోతుందే తప్ప అతడు తీసుకున్న నిర్ణయం వల్ల లోపల ఏదీ విరగదు, మారదు. అదే చిత్రంలో అందరూ గుర్తుపెట్టుకున్న దృశ్యం సైనికులు విమానంలోంచి మేఘాల గుండా దూకేది: కళ్లద్దాల వెనక నుంచి, సొంత ఊపిరి చప్పుడు మధ్య, పొగలో ఒక క్షణం మృగం పక్కగా జారిపోతుంది. మృగాన్ని చూడాలని వచ్చినవారికి ఆ చిత్రం మృగాన్ని నిజంగా చూపించింది ఒక మనిషి కళ్లలోంచి చూపించినప్పుడే. చప్పటి పాత్రలు ఉన్నాయి కాబట్టి పాత్రలే వద్దనడం వంట చెడిందని పొయ్యినే తీసేయడం లాంటిది.

వసూళ్ల ఆధారం పైకి బలంగా కనిపించినా లోపల డొల్ల. మృగాలు ఎక్కువైతే జనం ఎక్కువొస్తారన్నది నిజమైతే, గాడ్జిల్లాతోపాటు మోత్రా, రోడాన్, గిడోరా అనే మృగాలను కూడా దించిన 2019 నాటి 'కింగ్ ఆఫ్ ది మాన్‌స్టర్స్' 2014 చిత్రాన్ని మించిపోయి ఉండాలి. మృగం కనపడలేదన్న ఫిర్యాదుకు సమాధానంగానే దాన్ని అలా నింపారు. అయినా 2014 చిత్రానికి సుమారు 53 కోట్ల డాలర్లు వస్తే దీనికి దాదాపు 39 కోట్లే వచ్చాయి. ఇక 2024 చిత్రం మనుషులు లేకుండానే గెలిచిందన్న మాట సగం నిజం. అందులో మాటలున్న మనుషులను తగ్గించారు, మనిషితనాన్ని మాత్రం తగ్గించలేదు. దాన్ని తీసుకువెళ్లి కాంగ్‌లో పెట్టారు. ఆ చిత్రంలో కాంగ్‌కు పన్ను నొప్పి ఉంది, ఒంటరితనం ఉంది, తన జాతివాళ్లు దొరుకుతారన్న ఆశ ఉంది, మొదట తనమీదకు తిరగబడిన పిల్లకోతిని చేరదీసే ఓర్పు ఉంది. ఇది కొత్త ఉపాయమూ కాదు. 1933 నాటి మొదటి కింగ్ కాంగ్‌లో డైనోసార్ దవడలు చీల్చి చంపాక కాంగ్ అది నిజంగా చచ్చిందా అని దవడను ఆడించి చూస్తాడు. ఎంపైర్ స్టేట్ భవనం మీద తూటాలు తగిలాక తన నెత్తురును తానే తడిమి చూసుకుంటాడు. బొమ్మను కదిలించిన విల్లిస్ ఓబ్రియన్ ఆ మృగానికి కుతూహలాన్నీ, నొప్పినీ ఇచ్చాడు కాబట్టే దాని చావు ప్రేక్షకుడికి దుఃఖమైంది. మృగమే ఆశ్రయమైన చోట మనుషులు తగ్గినా సినిమా నిలబడుతుంది. అది పూర్వపక్షానికి ఉపకరించే ఉదాహరణ కాదు, దాన్ని పడగొట్టేది. 2024 చిత్రంలో అంత మనసున్న కాంగ్ కూడా భూగర్భ లోకంలో తనంత కోతుల మధ్య ఉన్నంతసేపూ మామూలు కోతిగానే కనిపిస్తాడు, పక్కన కొలతగా మనిషి ఉన్నప్పుడే కొండంతవాడవుతాడు.

మనుషులు కావాలంటే ప్రతి పాత్రకూ బాల్యం, ప్రేమకథ, కన్నీళ్లు అతికించాలన్న భయం కొందరిది. 2016లో హిదెయాకి అన్నో, షింజీ హిగుచి తీసిన 'షిన్ గాడ్జిల్లా' ఆ భయం అనవసరమని చూపించింది. అందులో ప్రధాన పాత్రల్లో ఎవరి ఇల్లూ కనిపించదు, ఎవరి ప్రేమా వినిపించదు. ఉన్నదల్లా సమావేశ మందిరాలు, ఫైళ్లు, ఏ శాఖ ఏ చట్టం కింద ఉత్తర్వు ఇవ్వాలో తేల్చుకోలేక తడబడే అధికారులు. 2011 మార్చి 11 నాటి భూకంపం, సునామీ, ఫుకుషిమా అణు ప్రమాదం చూసిన జపాన్ ప్రేక్షకులకు ఆ తడబాటు స్వానుభవం. హెలికాప్టర్లు మృగం మీద కాల్పులు జరపడానికి సిద్ధమైన క్షణంలో, రైల్వే గేటు దాటుతూ ముసలమ్మను వీపున మోసుకుపోతున్న మనిషి ఒకడు కనబడతాడు. ప్రధానమంత్రి కాల్పులు ఆపమంటాడు. మృగం ముందుకు సాగిపోతుంది. ప్రజల మీద తుపాకీ పేల్చలేని ప్రభుత్వ నైతికతా, దానివల్ల పెరిగే విపత్తూ ఆ ఒక్క దృశ్యంలో పక్కపక్కన నిలబడతాయి. చివరకు మృగాన్ని గడ్డకట్టించే రసాయనాన్ని దాని నోట్లోకి ఎక్కించేది కాంక్రీటు పంపు లారీలతో. ఫుకుషిమాలో వేడెక్కిన అణు ఇంధన తొట్టిలోకి నీళ్లు చిమ్మడానికి నిజంగా వాడినవీ అలాంటి లారీలే. పాత్రలు మనవాళ్లనిపించడానికి వాళ్ల పుట్టుపూర్వోత్తరాలు తెలియనవసరం లేదు, వాళ్లు చేసే పని, ఆ పనిలో పడే ఇబ్బంది నిజమైతే చాలు. ఆ ఏడాది జపాన్‌లో యానిమేషన్ కాని స్వదేశీ చిత్రాలన్నిటిలో ఎక్కువ వసూలు చేసింది ఈ సమావేశాల సినిమాయే.

దక్షిణ కొరియాలో 2006లో బాంగ్ జూన్-హో తీసిన 'ది హోస్ట్' ఇందుకు భిన్నమైన దారిలో అదే చోటుకు చేరింది. దానికి మూలం సియోల్‌లోని అమెరికా సైనిక స్థావరంలో 2000లో శవాలను నిల్వచేసే రసాయనాన్ని మురుగు కాలువలో పారబోయించిన వాస్తవ ఘటన. హాన్ నది ఒడ్డున చిరుతిళ్ల దుకాణంలో కూర్చునే గాంగ్-దు అనే మందబుద్ధి తండ్రి, మృగం ఒడ్డుకు దూకినప్పుడు కూతురి చెయ్యి పట్టుకుని పరుగెత్తుతాడు. కొంత దూరం పోయాక తిరిగి చూస్తే అతడు పట్టుకున్నది వేరే పాప చెయ్యి. భయం, ఆత్రం, మనిషి చేసే సహజమైన పొరపాటు కలిసి ఆ కొద్ది సెకన్లలో ప్రేక్షకుడి ఊపిరి ఆపేస్తాయి. ఆ చిత్రంలోని మృగం బస్సంతే, అదీ పరుగెత్తుతూ కాలుజారి దొర్లుతుంది. ఆ కాలుజారడమే దాన్ని బతికున్న జంతువును చేసింది. కోటీ ముప్పై లక్షల మంది కొరియన్లు దాన్ని చూశారంటే, అంతకు నాలుగైదు రెట్ల పొడవున్న మృగాలు చేయలేని పనిని ఒక తప్పుడు చెయ్యి చేసింది.

ఈ సత్యాన్ని ఇటీవల అందరికన్నా గట్టిగా నిరూపించింది తకాషి యమజాకి 2023లో తీసిన 'గాడ్జిల్లా మైనస్ వన్'. యుద్ధం చివర్లో ఆత్మాహుతి దాడికి పంపిన పైలట్ షికిషిమా విమానం చెడిందని అబద్ధమాడి ఒక దీవిలో దిగుతాడు. ఆ రాత్రి మృగం వచ్చినప్పుడు విమానంలోని తుపాకీ పేల్చలేక బిగుసుకుపోతాడు. మెకానిక్కులు దాదాపు అందరూ చనిపోతారు. బూడిదైన టోక్యోకు తిరిగి వస్తే, బిడ్డలను పోగొట్టుకున్న పొరుగింటామె నువ్వెందుకు బతికొచ్చావని నిలదీస్తుంది. ఎవరో కన్న పసిబిడ్డను మోసుకొచ్చిన నోరికోకు అతడు నీడ ఇస్తాడు, కూలి కోసం కర్ర పడవలో సముద్రపు మందుపాతరలు ఏరే పనికి పోతాడు. యుద్ధంలో వేసిన అయస్కాంత పాతరలు ఇనుప ఓడను పసిగట్టి పేలుతాయి కాబట్టి కర్ర పడవ. జీతం ఎక్కువ కాబట్టి ప్రాణాపాయానికి ఒప్పుకోవడం. టోక్యోలోని గిన్జాలోకి మృగం రావడానికి ముందు ఇన్ని చిన్న నిజాలు పేర్చి ఉన్నందువల్లనే, పేలుడు గాలి వీధిని ఊడ్చుకుపోయేటప్పుడు నోరికో అతడిని సందులోకి నెట్టేసి తాను కొట్టుకుపోవడం గుండెలు పిండేస్తుంది. మృగాన్ని ఎదుర్కొనే పథకం వేసిన మాజీ నౌకాదళ ఇంజనీరు, ఈ దేశం ప్రాణాలను చాలా చౌకగా చూసిందనీ, విమానాలకు పైలట్ బయటపడే సీటు కూడా పెట్టలేదనీ, ఈసారి ఎవరూ చావకూడదనీ తోటివారికి చెబుతాడు. చివర్లో షికిషిమా నడిపే విమానానికి అలాంటి సీటు ఉందా లేదా అన్న చిన్న సాంకేతిక వివరం మీద కథ మొత్తం ఆధారపడేది అందువల్లే. కోటిన్నర డాలర్ల లోపు ఖర్చుతో, 35 మంది కళాకారులు చేసిన 610 దృశ్యాలతో ఆ చిత్రం 2024 మార్చిలో ఉత్తమ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకుంది. గాడ్జిల్లా చిత్రాల్లో ఆ గౌరవం దక్కిన మొదటిది అదే. దృశ్యమే ముఖ్యం, మనుషులు అడ్డం అనేవారు ఆ బహుమతి ఏ సినిమాకు వచ్చిందో ఒకసారి ఆలోచించాలి.

పిల్లల కోసం తీసిన మృగాల సినిమాలకు ఈ నియమం వర్తించదని ఎవరైనా అంటే 1969 నాటి 'ఆల్ మాన్‌స్టర్స్ అటాక్' సమాధానం చెబుతుంది. పాత చిత్రాల పోరాట దృశ్యాలు ఎన్నో అతికించి చవకగా తీసిన ఆ చిత్రానికి ఇంకా కొంత ప్రాణముందంటే కారణం ఇచిరో అనే కుర్రవాడు. కవాసాకి ఫ్యాక్టరీల పొగలో, అమ్మా నాన్నా ఇద్దరూ పనికి పోతే తాళంచెవితో ఒంటరిగా ఇంటికి చేరి, వీధిలో తనను ఏడిపించే పిల్లలకు భయపడి మృగాల దీవిని కలగనే ఆ పిల్లవాడు, అప్పటి పారిశ్రామిక జపాన్‌లోని లక్షల పిల్లల్లో ఒకడు. షుసుకే కనెకో 1999లో తీసిన మూడో గమేరా చిత్రం ఇంకా ముందుకు పోయి, లోకాన్ని కాపాడే మృగమైన గమేరా పాదాల కింద తల్లిదండ్రులు నలిగిపోయిన బాలిక వైపు నిలబడి ఆ మృగాన్ని ద్వేషించడం ఎలా ఉంటుందో చూపింది. తెలుగు ప్రేక్షకులకు ఈ సూత్రం తిరగేసిన రూపంలో బాగా తెలుసు. 2012లో రాజమౌళి తీసిన 'ఈగ'లో పునాది పూర్తి అసంభవం, చచ్చిన ప్రియుడు ఈగగా పుట్టడం. అయినా ఈగకు ఒక గది ఎంత పెద్దదో, నీటి చుక్క ఎంత ప్రమాదమో, దాని బలానికి ఏది సాధ్యమో ఆ చిత్రం ఎక్కడా మరచిపోలేదు, ఆ ఈగకు ఒక ప్రేమ, ఒక పగ ఉన్నాయన్నదీ మరచిపోలేదు. పరిమాణం పెద్దదైనా చిన్నదైనా దాన్ని నమ్మించేది పర్యవసానాల పట్ల నిజాయితీయే.

కాబట్టి విమర్శకులు అడగవలసిన ప్రశ్న మనుషులు ఎన్ని నిమిషాలు కనిపించారని కాదు. మృగాన్ని ఎవరి కళ్లతో చూస్తున్నాం, దానివల్ల వాళ్లు పోగొట్టుకునేది ఏమిటి, వాళ్ల నిర్ణయం వల్ల కథలో ఏదైనా మారుతోందా, మృగం పెట్టిన ప్రతి అడుగుకూ లోకం మూల్యం చెల్లిస్తోందా అని అడగాలి. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పగల సినిమాలో మృగం పది నిమిషాలే ఉన్నా హాలు నిండా ఉంటుంది. చెప్పలేని సినిమాలో రెండు గంటలున్నా తేలిపోతుంది. నిర్మాతలు గ్రహించవలసింది కూడా ఇదే: మనుషులను తగ్గించమని గొడవచేసే ప్రేక్షకుడు బొమ్మల్లాంటి మనుషులతో విసిగిపోయి అలా అంటున్నాడు, అతడికి కావలసింది మృగం ముందు నిజంగా నిలబడే మనుషులు. అతడి ఫిర్యాదును అక్షరాలా తీసుకుని మనుషులను కత్తిరించినంత కాలం తెరమీద మృగాలు పెరుగుతూనే ఉంటాయి, వాటికి భయపడేవాళ్లు మాత్రం తగ్గుతూ పోతారు.